ఫిజీ రవాణా పటం: తెగిన దీవిని అతకడం నుంచి మారే ఫెర్రీ గీత దాకా

ఫిజీ దేశపు వెక్టర్ డేటాను (బిందువులు, గీతలుగా దాచిన పటాన్ని) తెరిచి మొత్తం ఒకేసారి కనిపించేలా చూపమంటే చాలా సాఫ్ట్‌వేర్‌లు ప్రపంచ పటమంతా చూపిస్తాయి. ఎడమ అంచున కొన్ని చుక్కలు, కుడి అంచున కొన్ని చుక్కలు, మధ్యంతా ఖాళీ. పడవలో పెట్టుకున్న జీపీఎస్ నమోదు చేసిన దారిని తెరిస్తే ఇంకో వింత కనిపిస్తుంది. పది కిలోమీటర్ల ప్రయాణం భూగోళాన్నంతా చుట్టివచ్చిన అడ్డగీతగా మారిపోతుంది. రెండింటికీ మూలం ఒకటే. 180 డిగ్రీల రేఖాంశం ఫిజీ నేల మీదుగా పోతుంది. తవేవుని దీవి, రంబి దీవి, వనువా లెవు తూర్పు కొన ఆ రేఖ మీదే ఉన్నాయి. రేఖకు ఒక పక్క 179.9, ఇంకో పక్క మైనస్ 179.9. అంకెలు మాత్రమే చదివే ప్రోగ్రాముకు ఈ రెండూ ఇరుగుపొరుగు చోట్లని తెలియదు.

ఇది ఎంత పేరుమోసిన చిక్కంటే, పటాల డేటా రాసే ఫైలు రూపమైన జియోజేసన్‌కు 2016లో వచ్చిన ప్రమాణపత్రం ఈ సంగతి వివరించడానికి ఫిజీనే ఉదాహరణగా తీసుకుంది. దీవుల చుట్టూ పెట్టె గీయాలంటే పడమటి అంచు 177, తూర్పు అంచు మైనస్ 178 అని రాయాలి. అప్పుడు పెట్టె వెడల్పు 5 డిగ్రీలు. చిన్న అంకె ముందు, పెద్ద అంకె తర్వాత అనే అలవాటుతో తిప్పి రాస్తే అదే పెట్టె 355 డిగ్రీలవుతుంది, అంటే ఆ అక్షాంశాల్లో ఫిజీ తప్ప మిగతా ప్రపంచమంతా అందులోకి వస్తుంది. అందరూ ఉచితంగా వాడుకునే నేచురల్ ఎర్త్ డేటాలో అతి చిన్న స్కేలు కూర్పు తీసుకుంటే ఫిజీ అంటే మూడే ముక్కలు: రెండు పెద్ద దీవులైన వీటీ లెవు, వనువా లెవు, రేఖకు అవతల మిగిలిపోయిన ఒక తునక. ఆ తునకను వేరే దీవి అనుకుని రంగు వేసే ప్రమాదం ఉంది.

అసలు పని మాత్రం ఇలా తెగిన ముక్కలను అతకడంతో అయిపోదు. ఫిజీలో 300కు పైగా దీవులున్నాయి, వాటిలో సుమారు 110 దీవుల్లో జనం ఉంటారు. నేల 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, దాని చుట్టూ దేశానికి హక్కున్న సముద్రం దాదాపు 13 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇలాంటి దేశంలో రవాణా పటం అంటే రోడ్ల పటానికి నీలం రంగు పూయడం కాదు. ఇక్కడ పెద్దదారి సముద్రమే, ఆ దారి తీరరేఖలా స్థిరంగా ఉండదు. పడవ మారుతుంది, వారం మారుతుంది, తుఫానుకు జెట్టీ పోతుంది. అందుకే దిద్దుబాటుకు వీలైన వెక్టర్ ఫైలు కావాలి. అయితే వెక్టర్ అయినంత మాత్రాన అది దిద్దడానికి వీలుగా ఉంటుందని కాదు. మార్పులు ఎంత తరచుగా వస్తాయో చూసుకుని పొరలను విడదీస్తేనే ఫైలు పదేళ్లు పనికొస్తుంది.

అతుకు వేయడం

డేటాను డిగ్రీల్లో ఉంచి పని మొదలుపెట్టకూడదు. ఫిజీకి సొంత గ్రిడ్ ఉంది: ఫిజీ మ్యాప్ గ్రిడ్, ఈపీఎస్‌జీ సంఖ్య (ఇలాంటి గ్రిడ్‌లను గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) 3460. ఇది ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ ప్రక్షేపం, అంటే గోళాన్ని చదునుగా పరిచే ఒక పద్ధతి. మధ్య రేఖాంశం తూర్పు 178 డిగ్రీల 45 నిమిషాలు, మూల అక్షాంశం దక్షిణ 17 డిగ్రీలు, స్కేలు గుణకం 0.99985. కృత్రిమ మూలం తూర్పుకు 20 లక్షల మీటర్లు, ఉత్తరానికి 40 లక్షల మీటర్లు. మధ్య రేఖాంశం దీవుల నడుమ పడటం వల్ల 180 రేఖకు అటూ ఇటూ ఉన్న బిందువులు ఒకే వరుస అంకెల్లోకి వచ్చేస్తాయి. మైనస్ రేఖాంశాలకు 360 కలిపే తంటా కూడా ఉండదు. ప్రపంచాన్ని 60 నిలువు మండలాలుగా పంచే యూటీఎం గ్రిడ్ వాడితే మాత్రం దేశం 60వ మండలానికీ 1వ మండలానికీ మధ్య చీలిపోతుంది. వెబ్ పటాల మెర్కేటర్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. దక్షిణ 18 డిగ్రీల దగ్గర దూరాలు 5 శాతం పైగా ఎక్కువ కనిపిస్తాయి. పైగా ఆ ఎక్కువ ఉత్తరాన ఒకలా, దక్షిణాన ఒకలా ఉంటుంది కాబట్టి పటం మీద పెట్టిన స్కేలు పట్టీ సగం చోట్ల తప్పు చెబుతుంది. ఫిజీ గ్రిడ్‌లో తూర్పు చివరి లౌ దీవుల దగ్గర కూడా తేడా కిలోమీటరుకు మీటరు పైచిలుకే.

పటాలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వరుస ఇలా సాగాలి. మొదట అందరూ కలిసి నింపే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఫిజీ సంపుటి తెచ్చుకోవాలి. జియోఫ్యాబ్రిక్ ఇచ్చే దేశవారీ సంపుటిలో రేఖకు రెండు పక్కలా ఉన్న దీవులు వస్తాయి. పెట్టె గీసి దింపుకోవాల్సి వస్తే ఒకే పెట్టె పనిచేయకపోవచ్చు, రెండు గీయాలి: 176.5 నుంచి 180 దాకా ఒకటి, మైనస్ 180 నుంచి మైనస్ 178 దాకా ఇంకొకటి. తీరరేఖను గీతల రూపంలో కాకుండా సిద్ధంగా దొరికే నేల బహుభుజుల రూపంలో తెచ్చుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. తర్వాత అన్నిటినీ 3460కి మార్చి, జామెట్రీ దోషాలు సరిచేసి, అప్పుడు డిజాల్వ్ చేయాలి, అంటే ముక్కలను ఒకటిగా కలపాలి. అతుకు దగ్గర రెండు అంచులూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి పడితే తవేవుని ఒక్కటవుతుంది. దశాంశాలు గుండ్రం చేయడంలో చిన్న తేడా వచ్చినా దీవి నడుమ వెంట్రుకంత చీలిక మిగులుతుంది. తెర మీద కనపడదు కానీ ముద్రణలో తెల్ల గీతగా పడుతుంది. డిజాల్వ్‌కు ముందే ఒక మీటరు దూరంలో ఉన్న బిందువులను కలిపేయమని స్నాప్ చేస్తే ఆ చీలిక పోతుంది.

రోడ్లకూ ఇదే వైద్యం కావాలి. తవేవుని పడమటి తీరం వెంట వెళ్లే రోడ్డు వైయెవో ఊరి దగ్గర 180 రేఖను దాటుతుంది. డేటాలో ఆ గీత సాధారణంగా అక్కడ తెగి ఉంటుంది. బహుభుజులను కలిపి, గీతలను మరిచిపోతే బొమ్మ బాగానే ఉంటుంది, కానీ తర్వాత ఎవరైనా ఆ రోడ్డును ఎంచుకుని రంగు మారిస్తే సగమే మారుతుంది.

పాత రెవెన్యూ, సర్వే పటాలను అడుగున పెట్టి గీసేవాళ్లకు ఒక హెచ్చరిక. వీటీ లెవుకు 1912 నాటి ఆధారంతో ఒక గ్రిడ్, వనువా లెవుకు 1915 నాటి ఆధారంతో వేరే గ్రిడ్ ఉండేవి. కొలతలు లింకుల్లో ఉంటాయి, గొలుసులో నూరో వంతు, ఇంచుమించు 20 సెంటీమీటర్లు. తెలుగునాట ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్లు చూసినవాళ్లకు ఈ గొలుసూ లింకూ కొత్త కాదు. ఆ అంకెలను మీటర్లనుకుంటే దీవి ఐదు రెట్లు పెరుగుతుంది, అది వెంటనే కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం లేదు. ఆ పాత ఆధారాన్ని, అంటే డేటమ్‌ను, మార్చకుండా వదిలేస్తే మాత్రం అంతా కొన్ని వందల మీటర్లు పక్కకు జరుగుతుంది. అది పెద్ద పటంలో కంటికి ఆనదు, ఊరి పటంలో రోడ్డును వాగులో పడేస్తుంది.

కాగితం లెక్క

విడిగా ఉన్న రొటూమా దీవిని మినహాయిస్తే దీవుల సముదాయం తూర్పు పడమరలుగా సుమారు 530 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా సుమారు 590 కిలోమీటర్లు. ఏ3 కాగితాన్ని నిలువుగా పెట్టి 1:20,00,000 స్కేలు తీసుకుంటే 265 మి.మీ. వెడల్పు, 295 మి.మీ. ఎత్తు అవుతుంది. సూచికకు కింద చోటు మిగులుతుంది. రొటూమా దక్షిణ 12.5 డిగ్రీల దగ్గర, మిగతా దీవుల ఉత్తరపు కొన కన్నా సుమారు 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. దాన్ని అసలు చోట చూపాలంటే ఇంకో 175 మి.మీ. సముద్రం కావాలి. కాగితం ఎత్తే 420, అక్కడ కావలసింది 470. కాబట్టి పక్క పెట్టె తప్పదు. రొటూమా పొడవు 13 కిలోమీటర్లే. పెద్ద పటం స్కేలులోనే పెడితే అది ఆరున్నర మి.మీ. మచ్చ. 1:5,00,000 చేస్తే 26 మి.మీ. వస్తుంది, రోడ్డూ విమానాశ్రయమూ రేవూ చూపవచ్చు. అయితే ఆ పెట్టెకు వేరే స్కేలు పట్టీ పెట్టి తీరాలి. లేకపోతే చదివేవారికి రొటూమా దక్షిణాన ఉన్న కండవు దీవి అంత పెద్దదనిపిస్తుంది.

పెద్ద పటం స్కేలులో మిల్లీమీటరు అంటే రెండు కిలోమీటర్లు. తీరరేఖను 0.1 మి.మీ. కన్నా సూక్ష్మంగా ఉంచినా కంటికి తేడా తెలియదు, అంటే 200 మీటర్ల లోపు వంకరలు తీసేయవచ్చు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. దేశమంతటికీ ఒకే సరళీకరణ నడిపితే అరకిలోమీటరు దీవులు త్రిభుజాలవుతాయి, ఇంకా చిన్నవి మాయమవుతాయి. మమనుథా దీవుల్లో చాలావరకు ఆ కొలతవే, పర్యాటకులు ఎక్కువగా వెళ్లేదీ అక్కడికే. గీతలను సరళీకరించే సాధనమైన మ్యాప్‌షేపర్‌లో పని చేసేటప్పుడు ఆకారాలు పోకుండా కాపాడే ఎంపిక ఒకటుంది, దాన్ని తప్పకుండా పెట్టాలి. అయినా దీవి బతుకుతుందే కానీ చదవడానికి పనికిరాదు. కాగితం మీద 0.4 మి.మీ. కన్నా చిన్నగా వచ్చే, జనం దిగే దీవులను వేరే పొరలోకి తీసి, అన్నిటికీ ఒకే కొలత చుక్క పెట్టడం మేలు. జనం లేని, పడవ ఆగని దీవుల ఆకారాలు అలాగే ఉండనివ్వచ్చు.

సరళీకరణ ముందు, రేవుల అతుకు తర్వాత. ఈ వరుస తప్పితే రేవు చుక్క నీళ్లలో తేలుతుంది, లేదా ఊరి మధ్యకు ఎక్కుతుంది. రోడ్ల సంగతీ అంతే. వీటీ లెవు దక్షిణ తీరంలో సింగటోకా పరిసరాల్లో క్వీన్స్ రోడ్డు చాలాచోట్ల ఒడ్డును ఒరుసుకుంటూ పోతుంది. దాన్ని 0.6 మి.మీ. గీతగా గీస్తే నేల మీద 1.2 కిలోమీటర్ల వెడల్పుతో సమానం. సగం గీత సముద్రంలో పడుతుంది. ఆ భాగాన్ని 0.3 నుంచి 0.5 మి.మీ. లోపలికి చేత్తో జరపాలి, దానికి యంత్రం మీద ఆధారపడకూడదు. జరిపాక సింగటోకా నది దాటే చోట వంతెన కూడా దానితోపాటే కదిలిందో లేదో చూడాలి.

నాలుగు రకాల దారులు

రోడ్లలో సులువైనది వీటీ లెవు చుట్టూ తిరిగే వలయం. రాజధాని సువా నుంచి దక్షిణ తీరం మీదుగా నాండి, లౌటోకాలకు క్వీన్స్ రోడ్డు, ఉత్తరం మీదుగా కింగ్స్ రోడ్డు, రెండూ కలిపి సుమారు 500 కిలోమీటర్లు. వాహనాలు మన దగ్గరిలాగే ఎడమ పక్క నడుస్తాయి. చిక్కు చిన్న దీవుల దగ్గర వస్తుంది. పటం గీసేవాళ్లు సాధారణంగా మొదటి రెండు మూడు తరగతుల రోడ్లనే ఉంచి మిగతావి తీసేస్తారు. అలా చేస్తే కోరో, ంగౌ (రోమన్‌లో Gau) వంటి దీవులు రోడ్డే లేని దీవుల్లా కనిపించే ప్రమాదం ఉంది. అక్కడున్న ఒకే ఒక్క రోడ్డు డేటాలో అట్టడుగు తరగతిలో నమోదై ఉండవచ్చు. అందుకని వడపోత దేశమంతటికీ కాకుండా దీవికొకటి ఉండాలి: ఆ దీవిలో ఉన్నవాటిలో పై తరగతి ఏదైతే అది పటంలోకి రావాలి. దీనికి ప్రతి రోడ్డు ముక్కకూ దీవి పేరు అంటగట్టాలి, స్థానం ఆధారంగా కలిపే పరికరంతో నిమిషంలో అయ్యే పని.

ఖాళీలను పూడ్చాలనే కోరికను అణుచుకోవాలి. తవేవుని తూర్పు తీరంలో రోడ్డు లవేనా ఊరితో ఆగిపోతుంది. అక్కడి నుంచి దక్షిణానికి బండి దారి లేదు. దూరం నుంచి చూస్తే రెండు కొనలు ఒకదానికొకటి ఎదురుచూస్తున్నట్టుంటాయి, కలిపేయాలనిపిస్తుంది. కలిపితే పటం నమ్మి వచ్చినవాళ్లు అడవి ముందు నిలబడతారు. రోడ్డు ఆగే చోట చిన్న అడ్డుగీత గుర్తు పెడితే అది గీసినవారి మరుపు కాదనీ, నిజంగా దారి లేదనీ తెలుస్తుంది.

ఫెర్రీ గీతల్లో తప్పులు ఇంకా ఖరీదైనవి. ఫిజీ పాత రాజధాని లెవుకా ఓవలౌ దీవి తూర్పు తీరాన ఉంది. వీటీ లెవు మీది నటోవి రేవు నుంచి లెవుకాకు నేరుగా గీత గీసిన పటాలున్నాయి. నటోవి నుంచి వాహనాలను మోసుకొచ్చే పంటు ఆగేది దీవి పడమటి పక్క బురెసాలాలో. అక్కడి నుంచి లెవుకాకు రోడ్డు మీద దీవిని చుట్టి వెళ్లాలి. అలాగే లంబాసా వనువా లెవులో పెద్ద పట్టణం, కానీ సువా వైపు నుంచి వచ్చే వాహనాల ఫెర్రీ దిగేది దీవి నైరుతి కొనన ఉన్న నంబౌవాలులో. లంబాసా దగ్గరి మలౌ రేవు ముఖ్యంగా పంచదార ఎగుమతికి. ఊరి పేరును రేవు పేరుగా వాడటం వల్లే ఈ తప్పులన్నీ వస్తాయి. ఊళ్ల చుక్కలు ఒక పొర, రేవుల గుర్తులు వేరే పొర అయి, ఫెర్రీ గీత కొన రేవు గుర్తుకే అతుక్కోవాలి, ఊరికి ఎప్పుడూ కాదు.

ఒక ప్రయాణం ఒక గీత కాదన్న సంగతి కూడా పటంలో కనపడాలి. సువా నుంచి లంబాసాకు టిక్కెట్టు ఒకటే అయినా దారి మూడు ముక్కలు: నటోవి దాకా బస్సు, నంబౌవాలు దాకా ఫెర్రీ, అక్కడి నుంచి మళ్లీ బస్సు. సవుసవు నుంచి తవేవునికి కూడా బస్సులో నటువు రేవు దాకా, అక్కడి నుంచి సోమోసోమో జలసంధిని చిన్న పడవలో దాటే దారి ఒకటి, సువా నుంచి సవుసవు మీదుగా వచ్చే పెద్ద ఓడ దారి ఒకటి. రెండింటినీ ఒకే రకం గీతతో చూపితే లారీ తీసుకెళ్లాలనుకున్నవారు చిన్న పడవ రేవుకు చేరతారు. వాహనాలు ఎక్కేది, మనుషులు మాత్రమే ఎక్కేది అన్న తేడా గీత రూపంలోనే తెలియాలి. రంగు తేడా చాలదు, నలుపు తెలుపు నకలు తీస్తే పోతుంది. గీతల నిడివి మార్చాలి: వాహనాల ఫెర్రీకి 3 మి.మీ. గీత, 1 మి.మీ. ఖాళీ; మనుషుల పడవకు చుక్కల వరుస. రాష్ట్రాల సరిహద్దులు సముద్రంలో గీయకపోవడం మంచిది, అవీ తెగిన గీతలే కాబట్టి ఫెర్రీ అనుకుంటారు. 180 రేఖను చూపదలిస్తే సన్నని నిండు గీతగా చూపాలి, దాని పక్కన అంతర్జాతీయ దినరేఖ అని రాయకూడదు. దినరేఖ ఫిజీని తప్పించుకుంటూ తూర్పుకు వంగి పోతుంది. దేశమంతా ఒకే తేదీ, ఒకే సమయం, గ్రీనిచ్ కన్నా 12 గంటలు ముందు.

గీత ఏ వంపుతో పోవాలన్నది ఇంకో ప్రశ్న. పగడపు దిబ్బల మధ్య ఓడలు వెళ్లే దారులు ఇరుకు. వనువా లెవు ఉత్తర తీరం వెంట పెద్ద దిబ్బ అడ్డుగా సాగుతుంది. కొన్నిచోట్ల తప్ప ఓడకు సందు లేదు. దిబ్బల పొర పెట్టి, దాని మీదుగా సరళరేఖలా ఫెర్రీని గీస్తే పటం తనతో తానే పేచీ పడుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్న ఫెర్రీ దారిని సరళీకరించి, దిబ్బను కోసే చోట్ల మాత్రం అసలు వంపు ఉంచితే సరిపోతుంది. అయినా ఇది ఓడ నడపడానికి పనికొచ్చే పటం కాదని సూచికలో స్పష్టంగా రాయాలి. లోతులు లేని పటాన్ని చిన్న పడవలవాళ్లు ఫోనులో పెట్టుకుని వెళ్లే రోజులివి.

విమాన దారులు తేలిక. దేశంలోని దూరాలకు భూగోళపు వంపు కాగితం మీద కనిపించదు, కాబట్టి చాపం గీసినా అది ఒకదానికొకటి అడ్డుపడకుండా ఉండటానికే. జాగ్రత్త పడాల్సింది పేర్ల దగ్గర. సువా విమానాశ్రయం ఉన్నది సువాలో కాదు, 20 కిలోమీటర్ల పైగా దూరంలో నౌసోరిలో. అంతర్జాతీయ విమానాలకు ముఖ్యమైనది దీవికి అవతలి పక్కన ఉన్న నాండి. రాజధాని ఒక తీరాన, దేశపు ముఖద్వారం ఇంకో తీరాన అన్న సంగతి రవాణా పటంలో మొదటి చూపులోనే తెలియాలి.

నాలుగోది చెరకు రైలు. 610 మి.మీ. గేజి పట్టాలు లౌటోకా, బా, లంబాసా మిల్లుల చుట్టూ అల్లుకుని ఉన్నాయి. ఇది ప్రయాణికుల రైలు కాదు. జూన్ నుంచి సంవత్సరాంతం దాకా సాగే చెరకు కాలంలో బండ్లు లాగుతుంది, రోడ్డును చాలాచోట్ల దాటుతుంది. అందువల్ల దీన్ని ప్రయాణ సాధనాల పొరలో కాకుండా వేరే పొరలో సన్నగా ఉంచాలి. రాకిరాకి మిల్లు 2016 ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్ తుఫానుతో మూతపడింది, ఆ తర్వాత అక్కడి చెరకును రోడ్డు మీద బా మిల్లుకు పంపసాగారు. పట్టాలు డేటాలో ఉన్నంత మాత్రాన నడుస్తున్నాయనుకోకూడదు. ఈ చెరకు నేలతో తెలుగువారికి చుట్టరికం ఉంది. 1879లో మొదలైన గిర్మిట్ (ఒప్పంద) కూలీల వలసలో 1903 నుంచి మద్రాసు రేవు ఓడలు చేరాయి. వాటిలో వెళ్లినవారిలో తెలుగు జిల్లాల మనుషులు చాలామంది. 1926లో దక్షిణ భారతీయులు పెట్టుకున్న సంగం ఈనాటికీ అక్కడ బడులు నడుపుతోంది.

పొరలు ఎలా పేర్చాలి

చాలా ఫైళ్లలో పొరలు వస్తువును బట్టి ఉంటాయి: నేల, నీరు, రోడ్లు, పేర్లు. ఇంతకన్నా మార్పు వేగాన్ని బట్టి కట్టడం పనికొస్తుంది. అడుగున తీరం, దిబ్బలు, కొండల నీడ. వీటికి తాళం వేసేయాలి. దాని మీద రోడ్లు, వంతెనలు, విమానాశ్రయాలు, జెట్టీలు. ఏడాదికోసారి చూస్తే చాలు. ఆ పైన ఫెర్రీ, బస్సు, విమాన సర్వీసులు. ఇవి నెలలో మారవచ్చు. అన్నిటికన్నా పైన తాత్కాలికాలు: కొట్టుకుపోయిన వంతెన, మూసిన రేవు. జెట్టీ అనే కట్టడాన్నీ అక్కడికి వచ్చే సర్వీసునీ వేర్వేరు పొరల్లో ఉంచడమే ఇందులో కీలకం. తుఫాను తర్వాత జెట్టీ నిలబడి పడవ రాకపోవచ్చు, జెట్టీ పోయినా చిన్న పడవతో సరుకు దించవచ్చు. లాభం రాని దారుల్లో ఓడలు నడపడానికి ఫిజీ ప్రభుత్వం రాయితీ ఇస్తుంది. ఆ ఒప్పందం మారితే ఓడ మారుతుంది, రేవు మారదు.

ప్రతి గీతకూ స్థిరమైన గుర్తింపు ఉండాలి. 14 రాష్ట్రాలకూ రొటూమాకూ అంతర్జాతీయ ఐఎస్ఓ సంకేతాలున్నాయి, వాటినే వాడాలి. ఫెర్రీ గీత గుర్తింపులో కంపెనీ పేరు, ఓడ పేరు పెట్టకూడదు. బయలుదేరే రేవు, చేరే రేవు, తరగతి చాలు. ఓడ, రోజులు, చివరిసారి సరిచూసిన తేదీ పక్కన ఒక పట్టికలో ఉంచి, గుర్తింపు ద్వారా కలపాలి. సరిచూసిన తేదీకి ఆరునెలలు దాటిన గీతలన్నీ వేరే రంగులో కనిపించేలా క్యూజీఐఎస్‌లో ఒక నియమం పెట్టుకుంటే ఎక్కడ ఫోను చేసి కనుక్కోవాలో పటమే చెబుతుంది.

ఎగుమతిలో పాడయ్యేవి

క్యూజీఐఎస్ లేఅవుట్ నుంచి ఎస్‌విజీ (వెక్టర్ బొమ్మల ఫైలు) తీసేటప్పుడు పొరలను గుంపులుగా ఎగుమతి చేయమనే గడి నొక్కాలి, అక్షరాలను అక్షరాలుగానే ఉంచమనాలి. ఈ రెండూ మరిచిపోతే వేల ముక్కల ఒకే ముద్ద వస్తుంది. పొరకు పారదర్శకత గానీ రంగుల మిశ్రమం గానీ పెడితే ఆ పొర, కొన్నిసార్లు పటమంతా, దిద్దడానికి వీల్లేని పిక్సెళ్ల బొమ్మగా మారిపోతుంది. దిబ్బల లేత నీలానికి 40 శాతం పారదర్శకత పెట్టడం అందరూ చేసే పని. దానికి బదులు నేరుగా లేత నీలమే ఎంచుకోవాలి. పీడీఎఫ్ ద్వారా బొమ్మలు దిద్దే ప్రోగ్రాము ఇలస్ట్రేటర్‌లోకి తెస్తే ప్రతి వస్తువు చుట్టూ కత్తిరింపు ముసుగులు పుడతాయి, పదాలు ముక్కలవుతాయి. దారి ఉన్నప్పుడు ఎస్‌విజీయే నయం.

కొలత మారిపోవడం ఇంకో దొంగదెబ్బ. అలాంటిదే మరో ప్రోగ్రాము ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కిస్తుంది. ఇలస్ట్రేటర్ పిక్సెల్‌ను పాయింటుగా, అంటే అంగుళానికి 72గా తీసుకుంటుంది. పిక్సెళ్లలో దాచిన ఫైలు అక్కడ తెరిస్తే 265 మి.మీ. పటం 353 మి.మీ. అవుతుంది, 1:20,00,000 అని రాసిన పటం నిజానికి 1:15,00,000 అవుతుంది. కాగితం కొలతను మి.మీ.లో రాయాలి. కనిపించని పొరలో సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి గీసి ఉంచాలి. ఎవరు తెరిచినా ముందు దాన్ని కొలుచుకుంటారు. అంకెల స్కేలు మానేసి పట్టీ స్కేలే పెడితే సాగినా కుంచించుకున్నా అది పటంతోపాటే మారుతుంది.

పేర్లు, తెలుగు అక్షరాలు

ఫిజీ పేర్లను రోమన్ లిపిలో చూసి తెలుగులో రాస్తే చాలావరకు తప్పుతాయి. ఆ భాషలో బి అక్షరం "మ్బ", డి అక్షరం "న్డ", జి అక్షరం "ంగ" శబ్దాలు. సి అక్షరం మెత్తని "ద"కు దగ్గరగా, నాలుక పళ్లకు తాకించి పలికేది, తెలుగులో "థ"తో సరిపెట్టుకోవాలి. క్యూ అంటే "ంగ్గ". అందుకే నది కాదు నాండి, లబాస కాదు లంబాసా, కడవు కాదు కండవు. తెలుగు పొర తయారుచేసేవాళ్లు రోమన్ పేర్ల పొరను కూడా దాచి ఉంచాలి. బస్సు మీద, రేవు బోర్డు మీద ఉండేది అదే.

తెలుగు అక్షరం పటం మీద రోమన్ కన్నా ఎక్కువ ఎత్తు అడుగుతుంది. 7 పాయింట్ల రోమన్ పేరు చదవగలిగే చోట తెలుగుకు 8.5 కావాలి, వత్తులకు కింద చోటు వదలాలి. ఇంక్‌స్కేప్‌లో గుణింతాలూ వత్తులూ సరిగ్గానే కూడుకుంటాయి. ఇలస్ట్రేటర్‌లో దక్షిణాసియా భాషల కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు పక్కకు జారిపోతాయి. అక్షరాల చుట్టూ తెల్ల అంచు పెట్టేటప్పుడు అంచు ముందు, నింపు తర్వాత పడేలా క్రమం మార్చాలి. లేదంటే అంచు అక్షరాన్నే తినేసి "కి", "కీ" ఒకటైపోతాయి. అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే పేర్లన్నీ కదులుతాయి కాబట్టి ముద్రణకు పంపే నకలులో అక్షరాలను ఆకారాలుగా మార్చాలి, దిద్దుబాటు నకలులో ఎన్నడూ మార్చకూడదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడినందుకు ఆ సంస్థ సహకారుల పేరు రెండు నకళ్లలోనూ ఉండి తీరాలి, అది లైసెన్సు షరతు.

పూర్తయిన ఫైలుకు ఒక పరీక్ష పెట్టి చూడవచ్చు. బురెసాలా జెట్టీ మూతపడి, ఫెర్రీ కొన్నాళ్లు నేరుగా లెవుకాకే వెళ్తోందనుకుని పటం మార్చండి. సర్వీసుల పొరలో ఒక గీత కొనను ఒక రేవు నుంచి ఇంకో రేవుకు జరపడం, తాత్కాలికాల పొరలో బురెసాలా మీద మూత గుర్తు పెట్టడం, పట్టికలో తేదీ మార్చడం: ఈ మూడింటితో పని పది నిమిషాల్లో అయిపోవాలి. దీవి చుట్టూ ఉన్న రోడ్డు, తీరం, ఊళ్ల పేర్లు వేటినీ ముట్టుకోవాల్సిన అవసరం రాకూడదు. వస్తే ఏ రెండు పొరలు కలిసిపోయి ఉన్నాయో అక్కడే దొరుకుతుంది.